నాన్నతో చైనీస్ హోటల్లో ఒక మధ్యాహ్నం

పోయిన నెలలో ఒక ఆదివారం మా నాన్నగారిని చైనీస్ హోటల్‌కి భోజనానికి తీసుకెళ్లాం. ఆయనకి 85 ఏళ్లు. అమ్మ పోయి ఏడాదిన్నర అయింది. అప్పట్నించీ మా ఇంట్లోనే, విశాఖపట్నంలో ఉంటున్నారు. ఏం వండినా పళ్లెం ముందు కూర్చుంటారు, నాలుగు ముద్దలు తింటారు, "చాలమ్మా" అని లేచిపోతారు. వంకాయ కారం పెట్టినా అంతే, ఆనపకాయ పులుసు పెట్టినా అంతే. వంట చేసేవాళ్లకి తెలుస్తుంది కదా, ఆ "చాలమ్మా" ఎంత బాధపెడుతుందో.

అలాంటి మనిషి ఒకరోజు టీవీలో ఏదో వంటల కార్యక్రమం చూస్తూ, "అమ్మాయ్, చౌమీన్ తిని ఎన్నాళ్లయిందో" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. తినాలని ఉంది అని ఆయన నోట విని ఏడాదిన్నర అయింది మరి. వెంటనే మావారికి చెప్పి ఆదివారం ప్రయాణం కట్టించాను.

మాకు దగ్గర్లో కొత్తగా తెరిచిన హోటల్ ఒకటి ఉంది. మరీ ఖరీదైనది కాదు, అలాగని రోడ్డు పక్క నూడుల్స్ బండీ కాదు. గుమ్మం దగ్గర నవ్వే బొజ్జ బుద్ధుడు, పైన ఎర్ర కాగితం దీపాలు, గోడ మీద నిప్పులు కక్కే డ్రాగన్. లోపల పెద్ద శబ్దంతో సినిమా పాటలు. మెనూ పుస్తకం తెరిస్తే మొదటి పేజీలో బిర్యానీలు, రెండో పేజీలో తందూరీలు, ఆ తర్వాతే చైనా! నాన్నగారు కళ్లజోడు సర్దుకుని మొత్తం చదివి, "ఇందులో చౌమీన్ లేదేటి?" అన్నారు. మా అబ్బాయి, "హక్కా నూడుల్స్ అంటే అదే తాతయ్యా" అని చెప్పాడు. మంచౌ సూపు, వెజ్ మంచూరియా, చికెన్ హక్కా నూడుల్స్, వాడికోసం అమెరికన్ చాప్సీ చెప్పాం.

నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. సూపు వచ్చింది. గంజికి రంగేసినట్టుంది, చెంచా పెడితే నిలబడేంత చిక్కన. మంచూరియా ఉండలు కొరికితే లోపల పచ్చి మైదా. బయట ఎరుపు ఎంతుందంటే, చేత్తో ముట్టుకున్న మావారి వేళ్లు ఇంటికొచ్చి సబ్బుతో కడిగినా పోలేదు. నూడుల్స్ చల్లగా, ఒకదానికొకటి అంటుకుపోయి, టమాటా సాసు తీపితో ఉన్నాయి. నాన్నగారు ముళ్లచెంచాతో కాసిని చుట్టుకుని నోట్లో పెట్టుకున్నారు. నేను ఆయన మొహం వంకే చూస్తున్నాను. నెమ్మదిగా నమిలి, మింగి, మంచినీళ్లు తాగారు. "బెల్లం పాకంలాగుందమ్మా" అన్నారు. అంతే. తర్వాత, "చాలమ్మా" అన్నారు.

బిల్లు 1,480 రూపాయలు. డబ్బు పోతే పోయింది. కారులో వెనక సీట్లో ఆయన పక్కన కూర్చుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడు మా అబ్బాయి ముందు సీట్లోంచి తిరిగి, ఏదో ఒకటి మాట్లాడాలని కాబోలు, "హక్కా అంటే ఏంటి తాతయ్యా?" అన్నాడు.

"అది మనుషుల పేర్రా. తిండి పేరు కాదు" అన్నారు నాన్నగారు.

ఆ ఒక్క మాటతో మొదలుపెట్టి ఆయన ఆ మధ్యాహ్నం చెప్పిన సంగతులు, ఆ తర్వాత నేను కుదిరినప్పుడల్లా చదువుకున్నవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, ఓపిక చేసుకుని చదవండి.

మా నాన్నగారు 1960లో ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చేరారు. మా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఆ రోజుల్లో ఎంతమంది అక్కడికి వెళ్లారో లెక్కలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ ఖరగ్‌పూర్లో తెలుగు వీధులు, తెలుగు బడి, మన అమ్మవారి పండగలు అన్నీ ఉండేవి. నేను పుట్టిందీ పెరిగిందీ అక్కడే. అక్కణ్ణించి హౌరాకి లోకల్ రైల్లో రెండు గంటల పైచిలుకు. మాకు పట్నం అంటే కలకత్తాయే. నాకు ఎనిమిదేళ్లప్పుడు, అంటే 1978లో, అమ్మనీ నన్నూ తమ్ముణ్ణీ తీసుకెళ్లి నాన్నగారు ఒక చైనా హోటల్లో భోజనం పెట్టించారు. చైనా తిండితో నా మొదటి పరిచయం అదే. గోడల మీద డ్రాగన్లు లేవు. నాలుగు పాలరాతి బల్లలు, గోడకి క్యాలెండరు. గల్లాపెట్టె దగ్గర ఒకావిడ కూర్చుని లెక్కలు చూస్తూనే పక్కన కూతురి చేత ఎక్కాలు చెప్పిస్తోంది. చౌమీన్ పొగలు కక్కుతూ వచ్చింది. ఎరుపు లేదు. వెంట్రుకల్లా తరిగిన క్యాబేజీ, ఉల్లికాడలు, కోడిగుడ్డు. పక్కన చిన్న గిన్నెలో వెనిగర్లో నానేసిన పచ్చిమిర్చి చక్రాలు. ఆ పుల్లటి ఘాటు ఇప్పుడు తలుచుకున్నా నోరూరుతుంది.

సరే, చైనావాళ్లు కలకత్తాకి ఎలా వచ్చారు? ఈ కథ పంచదారతో మొదలవుతుందంటే నమ్ముతారా! 18వ శతాబ్దం చివర్లో టాంగ్ అచ్యూ అనే వ్యాపారి హుగ్లీ నది ఒడ్డున, బజ్‌బజ్‌కి దగ్గర్లో చెరకు తోట వేసి పంచదార మిల్లు పెట్టాడు. భూమి ఇచ్చింది అప్పటి గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్. పనికి చైనా నుంచి మనుషుల్ని తెచ్చుకున్నాడు. ఆయన పేరు మీదే ఆ ఊరు అచీపూర్ అయింది. ఆయన పోయాక మిల్లు ఎక్కువ కాలం నిలవలేదు, పనివాళ్లు కలకత్తా చేరారు. ఇప్పటికీ కలకత్తా చైనావాళ్లు తమ కొత్త సంవత్సరానికి అచీపూర్ వెళ్లి ఎర్ర రంగేసిన ఆయన సమాధికి అగరొత్తులు వెలిగించి వస్తారు. మనం ఊరి పొలిమేరలో అమ్మవారికి మొక్కు తీర్చుకున్నట్టే.

బెంగాలీ, హిందీ వాళ్లు పంచదారని చీనీ అంటారు. ఆ పేరులో చైనా ఉంది. మనకి మాత్రం శర్కర నుంచి వచ్చిన చక్కెర మిగిలింది. అయితే మన భాషలోనూ చైనా లేకపోలేదు. 'చీనీ చీనాంబరాలు' అని పట్టుబట్టల్ని మన అమ్మమ్మలు అననే అంటారు. అనంతపురం, కడప వాళ్లు బత్తాయిని చీనీ కాయ అంటారు. తీపి నారింజల పుట్టిల్లు దక్షిణ చైనా వైపే మరి. మా పెదనాన్న కోడలిది అనంతపురం. పెళ్లయిన కొత్తలో "చీనీ కాయలు తెప్పించండి" అంటే మా పెద్దమ్మ పంచదార పొట్లం తెప్పించిందట. ఖరగ్‌పూర్ కాపురం కదా!

కలకత్తా చేరిన చైనావాళ్లు అందరూ ఒకటి కాదు. కాంటన్ వైపు వాళ్లు వడ్రంగం పనిలో, ఓడల మరమ్మతుల్లో దిట్టలు. హూపే వాళ్లు పళ్ల వైద్యం చేసేవాళ్లు. హక్కావాళ్లది తోలు పని, చెప్పుల పని. హక్కా అనే మాటకి 'అతిథి కుటుంబాలు' అని అర్థమట. శతాబ్దాల కిందట ఉత్తర చైనా నుంచి కరువులకీ యుద్ధాలకీ దక్షిణానికి వలసపోతే, అక్కడివాళ్లు వీళ్లని 'చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు' అన్నారు. తరాలు గడిచినా ఆ పేరే నిలిచిపోయింది. సొంత దేశంలోనే చుట్టాలు! హక్కా ఆడవాళ్ల గురించి ఒక సంగతి నాకు చాలా నచ్చింది. చైనాలో ఆడపిల్లల పాదాలు చిన్నప్పుడే గుడ్డలతో బిగించి కట్టేసి కురచ చేసే ఆచారం ఉండేది కదా, హక్కావాళ్లు ఆ పని చెయ్యలేదు. ఆడవాళ్లు పొలాల్లో మగవాళ్లతో సమానంగా పని చెయ్యాలి కాబట్టి. పేదరికం ఒక్కోసారి అలా మేలు చేస్తుంది కాబోలు.

తోలు శుద్ధి అంటే మన సమాజంలో పెద్ద కులాలవాళ్లు ముట్టుకోని పని. అందుకే హక్కావాళ్లకి పోటీ తక్కువ. ఊరికి తూర్పున చిత్తడి నేలల్లో టాంగ్రా అనే చోట 1910 ప్రాంతం నుంచి వాళ్ల తోలు కర్మాగారాలు లేచాయి. ఆ తోలుతో బెంటింక్ స్ట్రీట్‌లో వరసగా చెప్పుల దుకాణాలు. మా ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు పెళ్లి బూట్లు కావాలంటే బెంటింక్ స్ట్రీట్‌కే వెళ్లేవారట. పాదం కాగితం మీద పెట్టి పెన్సిలుతో గీత గీసుకుని కుట్టి ఇచ్చేవారు.

ఇక్కడ మా నాన్నగారి సొంత కథ వస్తుంది. నాకు ఇన్నేళ్లలో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. అమ్మకి చెప్పారో లేదో తెలీదు, అడగడానికి అమ్మ లేదు.

1962 పూజ సెలవుల్లో ఆయన బెంటింక్ స్ట్రీట్‌లో ఒక దుకాణానికి వెళ్లి పెళ్లి బూట్లకి కొలత ఇచ్చారు. మాఘమాసంలో పెళ్లి. దుకాణం ఆయన నాన్నగారి కంటే పెద్ద వయసువాడు, బెంగాలీ గడగడా మాట్లాడేవాడు. అయిదు రూపాయలు అడ్వాన్సు తీసుకుని, మూడు వారాల తర్వాత రమ్మన్నాడు. "పెళ్లికొడుకు బూటు కిర్రుమనాలి, అప్పుడే పెళ్లికూతురు తలెత్తి చూస్తుంది" అని హాస్యమాడి, కిర్రు శబ్దం వచ్చేలా కుడతానన్నాడట.

అక్టోబరు 20న యుద్ధం మొదలైంది. నెల రోజులు. నవంబరు 21న చైనా కాల్పులు ఆపేసింది. ఆ నెల రోజుల్లో మన దేశం ఎలా ఉడికిపోయిందో మీ ఇళ్లలో పెద్దవాళ్లని అడగండి. రక్షణ నిధికి ఆడవాళ్లు ఒంటి మీద బంగారం తీసిచ్చారు. మా అమ్మమ్మ శ్రీకాకుళంలో ఒక సభలో చేతి గాజు తీసి పళ్లెంలో వేసిందని, ఆ తర్వాత అమ్మ పెళ్లికి గాజుల జత తక్కువైందని మా ఇంట్లో ఎప్పుడూ చెప్పుకునేవాళ్లు. గర్వంగానే చెప్పుకునేవాళ్లు. ఇప్పటికీ గర్వమే. ఆ కథకి ఇంకో వైపు ఉందని మాకెవరికీ తోచలేదు.

ఆ ఇంకో వైపు ఇది. యుద్ధం వచ్చీ రాగానే చట్టం మార్చారు. తల్లిదండ్రుల్లో, తాతమ్మల్లో ఒక్కరు చైనా పౌరులైనా చాలు, ఇక్కడే పుట్టి పెరిగినా విదేశీయుల కిందే లెక్క. పోలీసు స్టేషన్లో పేరు నమోదు చేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. అస్సాం, డార్జిలింగ్, షిల్లాంగ్ వైపు ఇళ్లలోంచి ముసలివాళ్లు, పిల్లలు, గర్భిణులతో సహా పట్టుకెళ్లి రైళ్లెక్కించారు. దాదాపు వారం రోజుల ప్రయాణం. దించింది రాజస్థాన్ ఎడారి దాపున దేవలీ అనే చోట, రెండో ప్రపంచ యుద్ధం నాటి బందీల శిబిరంలో. మొత్తం మూడు వేల మంది దాకా ఉంటారని అంచనా. వాళ్ల మీద కేసుల్లేవు, విచారణల్లేవు. వేలమందిని 1963లో మద్రాసు రేవు నుంచి చైనా పంపిన ఓడలెక్కించారు. వాళ్లలో చాలామంది ఆ దేశం మొహం ఎప్పుడూ చూడనివాళ్లు. శిబిరంలో చివరివాళ్లు బయటికి రావడానికి 1967 అయింది. అస్సాంలో మాకుం అనే ఊళ్లో చైనా మగవాళ్లని పెళ్లాడిన అస్సామీ ఆడవాళ్ల అవస్థల మీద రీటా చౌధురి అనే రచయిత్రి 2010లో 'మాకాం' అనే నవల రాశారు. దేవలీ శిబిరంలోనే పుట్టిన జాయ్ మా అనే ఆవిడ, దిలీప్ డిసౌజాతో కలిసి 2020లో ఆ బందీల కథలతో ఒక పుస్తకం తెచ్చారు. పురుటి నొప్పులు ముళ్లకంచె లోపల పడిన తల్లి గురించి ఆలోచిస్తే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కలకత్తాలో అస్సాంలో అంత కాకపోయినా అరెస్టులు జరిగాయి. ఉద్యోగాలు ఊడాయి. దుకాణాల మీద రాళ్లు పడ్డాయి. నాన్నగారు నవంబరు చివర్లో బూట్ల కోసం వెళితే దుకాణం తలుపు మూసుంది. పక్క దుకాణం వాణ్ణి అడిగితే "వెళ్లిపోయారు" అన్నాడు. ఎక్కడికి, ఎవరు తీసుకెళ్లారు, తిరిగొస్తారా? చెయ్యి ఊపి లోపలికి వెళ్లిపోయాడట. పెళ్లికి నాన్నగారు స్నేహితుడి బూట్లు వేసుకున్నారు. అవి ఒక సైజు పెద్దవి. పెళ్లి ఫోటోలో నాన్నగారి పాదాలు కనిపించకుండా అమ్మ చీర కుచ్చిళ్లు అడ్డం ఉంటాయి. అది అనుకోకుండా జరిగిందని ఇన్నాళ్లూ అనుకున్నాను.

కారు ఇంటి ముందు ఆగాక కూడా ఆయన దిగలేదు. "యుద్ధం జరుగుతున్నప్పుడు వర్క్‌షాపు గేటు దగ్గర ఊరేగింపు తీశారు. చీనా ముర్దాబాద్ అని అందరూ అరిచారు. నేనూ అరిచానమ్మా. గొంతు పోయేలాగ అరిచాను. తరవాత ఆ ముసిలాయన దగ్గరికి నవ్వుకుంటూ వెళ్లి బూట్లు తెచ్చుకోవచ్చనుకున్నాను చూడు" అన్నారు. మా అబ్బాయి ఏదో అనబోతే మావారు వాడి భుజం మీద చెయ్యి వేశారు.

1978లో మమ్మల్ని చైనా హోటల్‌కి ఎందుకు తీసుకెళ్లారో నాకు అప్పుడు అర్థమైంది. రైల్వే జీతంలో హోటల్ భోజనమంటే మాకు ఏడాదికోసారి. అమ్మకి మద్రాసు ఇడ్లీ హోటలంటే ఇష్టం. అయినా నాన్నగారు పట్టుబట్టి బెంటింక్ స్ట్రీట్ మీదుగా నడిపించి తీసుకెళ్లారు. ఎండలో అంత దూరం నడవలేక తమ్ముడు ఏడ్చిన సంగతి నాకు గుర్తుంది. ఆ దుకాణం ఉన్నచోట అప్పటికే ఇంకెవరో సంచులు అమ్ముతున్నారట.

ఇక తిండి సంగతి. యుద్ధం తర్వాత చాలామంది కలకత్తా చైనావాళ్లు కెనడాకీ ఆస్ట్రేలియాకీ వెళ్లిపోయారు. ఉన్నవాళ్లు తట్టుకోవడానికి ఉన్న దారుల్లో బ్యూటీ పార్లర్లూ హోటళ్లూ ముఖ్యం. రెండింట్లోనూ ఆడవాళ్ల చెయ్యే ఎక్కువ. తర్వాత 1990ల్లో కాలుష్యం కారణంగా తోలు కర్మాగారాల్ని టాంగ్రా నుంచి ఖాళీ చెయ్యమని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ షెడ్లలో కొన్ని హోటళ్లయ్యాయి. అక్కడే ఒక కాళీ గుడి ఉంది. చైనీస్ కాళి అంటారు. అమ్మవారికి నూడుల్స్, చాప్సీ నైవేద్యం పెడతారు. మన అమ్మవార్లు చలివిడి తిన్నట్టు ఆవిడ నూడుల్స్ తింటుంది. ఎవరింటికి వస్తే వాళ్ల వంట తినడం అమ్మవార్లకి అలవాటే.

హక్కావాళ్ల సొంత వంట మసాలాలు లేని వంట. ఇక్కడివాళ్ల నాలిక కోసం పచ్చిమిర్చి, వెల్లుల్లి, అల్లం పెంచుతూ పోయారు. కలకత్తాలోనే పుట్టిన నెల్సన్ వాంగ్ బొంబాయి వెళ్లి, 1975లో అక్కడి క్రికెట్ క్లబ్‌లో వంట చేస్తుండగా కొత్త వంటకం ఏదైనా చెయ్యమంటే, మన పోపుకి వేసే అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి తరిగి వేయించి, గరం మసాలా బదులు సోయా సాసు పోసి, మొక్కజొన్న పిండితో చిక్కబరిచి, కోడిమాంసం ముక్కలు వేశాడు. అదే చికెన్ మంచూరియన్. మనం 'మంచూరియా' చేసేశాం. ఉత్తర చైనాలో మంచూరియా అనే చలి ప్రాంతం ఉన్నమాట నిజమే, అక్కడికెళ్లి మంచూరియా పెట్టమంటే మాత్రం ఎవరికీ తెలీదు. కాలీఫ్లవరేమో ఇంగ్లీషువాళ్లు తెచ్చిన కూర, మిరపకాయేమో పోర్చుగీసువాళ్లు తెచ్చింది, గోబీ మంచూరియా చేసిందేమో మనం! ఇందులో తప్పేం లేదనే నేనంటాను. మన పులిహోరలో మిరపకాయ మాత్రం మనదా?

తప్పు ఎక్కడుందంటే ఆ ఎరుపులో. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వాడకూడదని నిషేధించింది. పరీక్షించిన నమూనాల్లో ప్రమాదకరమైన రంగులు దొరికాయి మరి. పిల్లలకి కొనిచ్చేటప్పుడు ఒకసారి టిష్యూ కాగితానికి అద్ది చూడండి. అజినోమోటో గురించి మాత్రం మనం పడే భయం కాస్త ఎక్కువే. 1908లో కికునే ఇకెడా అనే జపాన్ శాస్త్రవేత్త, ఇంట్లో తాగే సముద్రపు నాచు చారుకి అంత రుచి ఎక్కణ్ణుంచి వస్తోందా అని వెతికి పట్టుకున్న పదార్థమది. టమాటాల్లోనూ సహజంగా ఉంటుంది. మన టమాటా చారు రుచిలో దాని వాటా ఉంది. ఆ చారు కాచినావిడ పేరు మాత్రం ఏ డబ్బా మీదా లేదు, చూశారా.

నూడుల్స్ అంటే మైదా అని మూతి ముడిచేవాళ్ల కోసం ఇంకొక్క మాట. చైనాలో లాజియా అనే చోట, నాలుగు వేల ఏళ్ల కిందట భూకంపం, వరదలతో పూడిపోయిన ఊరి తవ్వకాల్లో బోర్లాపడిన మట్టి గిన్నె కింద నూడుల్స్ దొరికాయని 2005లో ప్రకటించారు. అవి గోధుమవి కావు. కొర్రలు, వరిగలతో చేసినవన్నారు. ఇప్పుడు మనం షుగర్ డాక్టరు చెబితే కిలో ఇంత అని పోసి కొనుక్కుంటున్న కొర్రలే! ఎవరో ఇల్లాలు వండి పెట్టుకుని, తినకుండానే పోయినట్టుంది పాపం.

ఆ హోటల్ మీద నాకు కోపం ఇంకా పోలేదు. అక్కడ వంట చేసే కుర్రాడు బిల్లు కట్టేటప్పుడు బయటికొచ్చాడు. ఇరవై ఏళ్లుండవు, మాట తీరుని బట్టి మా శ్రీకాకుళం వైపువాడే. ఒకే మంట మీద బిర్యానీ గ్రేవీ, నూడుల్సూ, మంచూరియా అన్నీ వాడే చెయ్యాలి. వాడికి చౌమీన్ ఎవరు తినిపించి ఉంటారు? వాణ్ణి ఏమీ అనబుద్ధి కాలేదు. యజమానిని అందామంటే ఆయన లేడు.

మర్నాడు అమ్మ వంట డైరీలు దించాను. రైల్వే వాళ్లిచ్చే పాత డైరీలు. అందులో ఒకచోట 'చౌమిన్' అని రాసుంది. 1978లో ఆ గల్లాపెట్టె ఆవిడని అమ్మ తన రైల్వే బెంగాలీలో అడిగి తెలుసుకుందన్నమాట. ఆవిడేం చెప్పిందో అమ్మ అలాగే రాసుకుంది: నూడుల్స్ ముందే ఉడికించి, నూనె రాసి, పళ్లెంలో పరిచి ఆరబెట్టాలి. మూకుడు పొగ వచ్చేదాకా కాలాలి. ఒక్కసారి ఇద్దరికి మించి వెయ్యకూడదు. ఎంతమంది ఆకలి అని అరిచినా సరే, రెండోసారి మళ్లీ పెట్టాలి. కింద అమ్మ సొంతంగా 'సాసు ఒక్క చెంచా, వాళ్లు ఇంకా తక్కువే వేశారు' అని చేర్చింది.

అలాగే చేశాను. మా పొయ్యి మంట హోటల్ పొయ్యంత ఉండదు కాబట్టి ఒక్కొక్కరికే వేశాను. పచ్చిమిర్చి చక్రాలు పొద్దున్నే వెనిగర్లో నానేశాను. నాన్నగారు వచ్చి వాసన చూసి, పీట కాదు, కుర్చీ కావాలన్నారు. మోకాళ్లు మరి. ముళ్లచెంచాతో తింటూ, మధ్యలో గిన్నె దగ్గరికి జరుపుకుని మిర్చి చక్రాలు రెండు వేసుకున్నారు. నేను పొయ్యి వైపు తిరిగి మావారికి వేస్తున్నాను. ఆయన మొహం చూడటానికి ధైర్యం చాలలేదు.

"మీ అమ్మ క్యాబేజీ ఇంకా సన్నగా తరిగేది" అన్నారు వెనక నుంచి. "ఇంకాస్త ఉందా?"